ఎలుక మలంలో కనిపించిన మూల పురుగుమందు: పేగు దాటనిదా, పైత్యంతో తిరిగి వచ్చినదా?

ప్రశ్న: ల్యాబ్ ఉద్యోగిని, బొమ్మసంద్ర, బెంగళూరు

అందరికీ నమస్కారం. నేను బొమ్మసంద్ర వైపు ఉన్న ఒక కాంట్రాక్టు పరిశోధన సంస్థలో ఏడాదిన్నరగా పనిచేస్తున్నాను. బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను, సొంత ఊరు గుంటూరు జిల్లాలో ఉంది. రిజిస్ట్రేషనుకు వెళ్ళబోయే పురుగుమందులను ఎలుకలకు ఇచ్చి, అవి ఒంట్లో ఎటు వెళ్ళాయో, ఏయే పదార్థాలుగా మారాయో, ఎంతసేపటికి బయటపడ్డాయో లెక్క తేల్చడం మా విభాగం పని.

ఇప్పుడు చేస్తున్న పదార్థం పేరు చెప్పే వీలు లేదు. దాని అణుభారం 300కు కాస్త తక్కువ అనీ, అణువులో ఒక ఫీనాల్ హైడ్రాక్సిల్ (బెంజీన్ వలయానికి అంటుకున్న -OH సమూహం) ఉందనీ మాత్రం చెప్పగలను. బెంజీన్ వలయంలో కార్బన్-14 అనే రేడియోధార్మిక గుర్తు పెట్టిన నమూనాను తక్కువ మోతాదులో గొట్టం ద్వారా నేరుగా కడుపులోకి ఇచ్చి, ఎలుకలను ఒక్కొక్కదాన్ని మూత్రాన్నీ మలాన్నీ వేరుగా సేకరించే ఒక్కో మెటబాలిజం కేజ్‌లో ఏడు రోజులు ఉంచాము. ఇచ్చిన రేడియోధార్మికతలో నూటికి తొంభైకి పైగా తిరిగి లెక్కకు వచ్చింది కాబట్టి మొత్తం మీద లోటు లేదు. అయితే అందులో సగానికి మించి మలంలోనే ఉంది. మూత్రంలో మూడో వంతుకు కొంచెం ఎక్కువ వచ్చింది. మలాన్ని మిథనాల్, నీటి మిశ్రమంతో తీసి, పదార్థాలను విడివిడిగా చూపే హెచ్‌పీఎల్‌సీ మీద నడిపితే అన్నింటికంటే పెద్ద శిఖరం మూల పదార్థానిదే.

"మలంలో మార్పు లేని మందు కనిపించిందంటే అది పేగుల్లోంచి లోపలికి వెళ్ళనే లేదు, నివేదికలో శోషణ తక్కువ అని రాసెయ్యండి" అని మా పై అధికారి అంటున్నారు. నాకు మనసు ఒప్పుకోవడం లేదు. శోషణ జరగని మందు అయితే చాలావరకు మొదటి రోజు మలంలోనే బయటపడాలి కదా? మా ఎలుకల్లో మూల పదార్థం ఎక్కువగా రెండో రోజు నమూనాలో వచ్చింది. పైగా మొదటి ఇరవైనాలుగు గంటల మూత్రంలో మూల పదార్థం గ్లూక్యురోనైడ్ (గ్లూక్యురోనిక్ ఆమ్లంతో జతకట్టిన) రూపంలో స్పష్టంగా ఉంది. అంటే లోపలికి వెళ్ళిన భాగం తక్కువేమీ కాదనిపిస్తోంది. దీన్ని ఎలా తేల్చాలి?

రెండో ప్రశ్న ఇంటికి సంబంధించినది. మా నాన్నగారు మిరప పండిస్తారు, మందు ఆయనే కొడతారు. గత పండుగకు ఊరు వెళ్ళినప్పుడు, ఎలుకల్లో ఇలాంటి మందులు చాలావరకు రెండు మూడు రోజుల్లో బయటికి పోతాయని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే నా ఒంట్లోంచి కూడా అలాగే పోతుందామ్మా?" అని అడిగారు. రోజూ ఇదే పని చేస్తూ కూడా ఆ మాటకు సూటిగా జవాబు చెప్పలేకపోయాను. తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు 1: విశ్రాంత టాక్సికాలజిస్టు, జయనగర్

అమ్మా, మీ అనుమానం సరైనదే. మలంలో మూల పదార్థం ఉండడం ఒక్కటే శోషణ జరగలేదనడానికి ఆధారం కాదు. అది మలంలోకి రెండు దారుల్లో రావచ్చు. పేగు గోడ దాటకుండా నేరుగా కిందికి జారిపోయి ఉండవచ్చు. లేదా రక్తంలోకి వెళ్ళి, కాలేయం చేరి, అక్కడ గ్లూక్యురోనిక్ ఆమ్లంతో జతకట్టి, పైత్యరసంతో మళ్ళీ పేగులోకి వచ్చి, అక్కడి బాక్టీరియా బీటా-గ్లూక్యురోనిడేజ్ ఎంజైముతో ఆ జతను విడగొట్టగా తిరిగి మూల పదార్థంగా బయటపడి ఉండవచ్చు. ఆఖరున మీ గ్రాఫులో కనిపించే శిఖరం రెంటికీ ఒకటే. మీ అణువులో హైడ్రాక్సిల్ ముందే ఉంది కాబట్టి, ఆక్సీకరణ అవసరం లేకుండానే అది నేరుగా జతకట్టగలదు. మూత్రంలో మీరు చూసిన గ్లూక్యురోనైడ్ ఆ పని జరుగుతోందని చెబుతూనే ఉంది.

ఇక్కడ అణుభారాన్ని గమనించండి. గ్లూక్యురోనిక్ ఆమ్లం చేరితే అణుభారం 176 పెరుగుతుంది. 300కు కాస్త తక్కువ ఉన్న మీ పదార్థం జతకట్టాక 470 దగ్గరికి చేరుతుంది. ధనావేశం లేని ఇలాంటి ఆమ్ల సంయోగాల విషయంలో ఎలుక కాలేయం సుమారు 325కు పైబడిన వాటిని పైత్యంలోకి బాగా పంపుతుంది. గినీపందిలో ఆ గడప 400 ప్రాంతంలో, కుందేలులో 475 ప్రాంతంలో, మనిషిలో 500 ప్రాంతంలో ఉంటుందని ఫార్మకాలజీలో చాలాకాలంగా స్థిరపడిన అవగాహన. ఇవి గీత గీసినట్టుండే హద్దులు కావు, ఏటవాలుగా మారే హద్దులు. అయినా మీ కేసుకు ఇది బాగా పనికొస్తుంది. ఎలుకలో పైత్యం దారిన మలంలోకి పోయిన అదే సంయోగం, మనిషిలో మూత్రపిండాల దారి పట్టే అవకాశం గట్టిగా ఉంది. కార్బరిల్‌ను ఇదే కొలతతో చూడండి. ఆ పురుగుమందు నుంచి ఒంట్లో వచ్చే 1-నాఫ్థాల్ అణుభారం 144, గ్లూక్యురోనైడ్ అయ్యాక 320. అంటే ఎలుక గడప మీదే నిలబడినట్టు.

ఎలుకకు పిత్తాశయం లేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మనలో పైత్యం ఒక సంచిలో నిలవుండి భోజనం వేళకు విడుదలవుతుంది. ఎలుకలో రాత్రింబవళ్ళు చుక్క చుక్కగా పేగులోకి కారుతూనే ఉంటుంది. అందువల్ల విడిపోయిన మందు మళ్ళీ శోషణ చెంది మళ్ళీ కాలేయానికి చేరే చక్రం ఎడతెగకుండా నడుస్తుంది. మీ దగ్గర ప్లాస్మా నమూనాలు ఉంటే గాఢత గ్రాఫును జాగ్రత్తగా చూడండి. ఒకసారి తగ్గి, కొన్ని గంటల తరువాత మళ్ళీ చిన్న గుట్టలా పెరిగి ఉంటే ఆ చక్రం ఉందని బలమైన సూచన. మీ మూల పదార్థం రెండో రోజు మలంలో ఎక్కువగా రావడం కూడా దీనితో పొసుగుతుంది.

కచ్చితంగా తేల్చేది మాత్రం పైత్యనాళంలో గొట్టం అమర్చి చేసే ప్రయోగమే. మత్తు ఇచ్చి, పైత్యనాళంలోకి సన్నని పాలిథిలిన్ గొట్టం పెట్టి బయటికి తీస్తే, లేత పసుపు రంగు ద్రవం గంటకు ఒక మిల్లీలీటరుకు కాస్త అటూ ఇటూగా ఆగకుండా జారుతూ ఉంటుంది. నేను మొదటిసారి ఆ గొట్టం చివర ఆ రంగు చూసిన రోజు ఇప్పటికీ కళ్ళ ముందుంది, ఎందుకంటే మలంలో వెతికితే దొరకనిదంతా అందులో జతగా, చెదరకుండా ఉంది. పైత్యలవణాలు పోతున్న కొద్దీ వాటిని తిరిగి అందిస్తూ ఉండాలి, లేకపోతే కొవ్వులో కరిగే మందుల శోషణే దెబ్బతింటుంది. పైత్యం, మూత్రం, కేజ్ కడిగిన నీరు, జీర్ణనాళం తీసేసిన మిగతా శరీరం, వీటన్నింటిలోని రేడియోధార్మికత కలిపితే శోషణ ఎంతో వస్తుంది. ఆ ఎలుక మలంలో మిగిలినది నిజంగా పేగు దాటనిది. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన 417వ పరీక్షా మార్గదర్శకం, అంటే 1984లో వచ్చి 2010లో సవరించినది, ఈ పద్ధతిని స్పష్టంగా అనుమతిస్తుంది. మీ అధికారికి చూపించడానికి అదే చాలు.

ఈ అంకె కేవలం నివేదిక అలంకారం కాదమ్మా. ఐరోపాలో మందు కొట్టేవారికి అనుమతించే లోపలి మోతాదు పరిమితిని లెక్కించేటప్పుడు, నోటి ద్వారా చేసిన అధ్యయనంలో హాని కనిపించని మోతాదును తీసుకొని, శోషణ నూటికి 80 కంటే తక్కువైతే ఆ శోషణ శాతంతో గుణిస్తారు. శోషణ తక్కువని రాస్తే ఆ పరిమితి బిగుసుకుంటుంది, ఎక్కువని రాస్తే సడలుతుంది. ఏ వైపు తప్పినా అది పొలంలో నిలబడినవాడి లెక్కలోకి వెళుతుంది. కాబట్టి ఊహించి రాయకూడదు, కొలిచి రాయాలి.

జవాబు 2: పరిశోధక విద్యార్థి, హెబ్బాళ

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తూ, మీ గుర్తు ఎక్కడ పెట్టారన్న దాని మీద కొంచెం రాయాలనిపించింది. బెంజీన్ వలయంలో పెట్టామన్నారు. మంచి చోటే. కార్బన్-14 అర్ధాయువు 5730 ఏళ్ళు కాబట్టి ఏడు రోజుల్లో అది తగ్గిపోతుందన్న భయం లేదు. దాని బీటా కిరణాల శక్తి తక్కువైనా ద్రవ సింటిలేషన్ కౌంటరులో సులభంగా లెక్కపెట్టవచ్చు. అయితే రేడియోధార్మికత చెప్పేది ఆ కార్బన్ ఎక్కడుందన్న సంగతి మాత్రమే. అణువు రెండుగా తెగితే, గుర్తు లేని సగం గురించి అది ఒక్క మాట కూడా చెప్పదు.

దీనికి పైరెత్రాయిడ్లు అనే పురుగుమందుల కథ అన్నింటికంటే స్పష్టమైన ఉదాహరణ. పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ మూడూ 1970ల మొదట్లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో మైఖేల్ ఎలియట్ బృందం తయారుచేసినవి. ఎలుకల్లో అవి ఎలా విడిపోతాయో విడమరిచి చూపిన పనిలో పెద్ద భాగం బర్క్‌లీలో జాన్ కసీడా బృందానిది. ఈ అణువుల మధ్యలో ఒక ఎస్టర్ బంధం ఉంటుంది. ఎస్టరేజ్‌లు దాన్ని తెంచితే ఒక వైపు సైక్లోప్రొపేన్ ఆమ్లం, మరో వైపు ఫీనాక్సీబెంజైల్ ముక్క మిగులుతాయి. ఆమ్లం వైపు గుర్తు పెడితే, దాని గ్లూక్యురోనైడ్ మూత్రంలో ప్రధానంగా కనిపిస్తుంది. ఆల్కహాల్ వైపు గుర్తు పెడితే, అది 3-ఫీనాక్సీబెంజాయిక్ ఆమ్లమై, ఆ తరువాత ఇంకో వలయం మీద హైడ్రాక్సిల్ చేరి, సల్ఫేటుగా మూత్రంలో బయటపడుతుంది.

డెల్టామెత్రిన్‌లో మూడో చోటు కూడా ఉంది, అది సైనో సమూహం. అక్కడి కార్బన్‌కు గుర్తు పెట్టినప్పుడు, మిగతా రెండు గుర్తులూ త్వరగా వెళ్ళిపోతున్నా, ఇది మాత్రం ఎలుక చర్మంలోనూ జీర్ణాశయంలోనూ చాలాసేపు నిలబడింది. అది మందు కాదు, తెగిపోయిన సైనైడ్ శరీరంలో థయోసయనేటుగా మారి అక్కడ చేరినది. గుర్తు ఒక్క చోటే పెట్టి ఉంటే, "చర్మంలో డెల్టామెత్రిన్ పేరుకుపోతుంది" అనో, "అసలేమీ మిగలదు" అనో రాసి ఉండేవారు. రెండూ తప్పే.

ఇంకో విషయం. ఇదే పెర్మెత్రిన్‌లో సిస్, ట్రాన్స్ అనే రెండు ఐసోమర్లు, అంటే అవే పరమాణువులు వేరే అమరికలో ఉన్న రూపాలు, కలిసి ఉంటాయి. క్షీరదాల్లో ట్రాన్స్ రూపపు ఎస్టర్ బంధం సిస్ కంటే వేగంగా తెగుతుంది. అందుచేత సిస్ రూపం ఆక్సీకరణ దారిన ఎక్కువ ప్రయాణించాల్సి వస్తుంది, కొవ్వులో ఎక్కువసేపు ఉంటుంది. రెండూ ఒకే డబ్బాలోంచి, ఒకే నిమిషంలో, ఒకే ఎలుక కడుపులోకి వెళ్ళినవే. మీ పదార్థంలో కూడా ఐసోమర్లు ఉంటే, మలంలోని మూల పదార్థంలో వాటి నిష్పత్తిని ఒకసారి చూడండి. ఇచ్చిన మిశ్రమంలో ఉన్న నిష్పత్తే మలంలోనూ ఉంటే పేగు దాటనిదనడానికి కొంత బలం, నిష్పత్తి మారి ఉంటే అది కాలేయాన్నో పేగు గోడనో చూసి వచ్చిందనడానికి బలం. ఖర్చు లేని పరీక్ష ఇది, ఐసోమర్లను విడదీసే కైరల్ కాలమ్ ఒక్కటి అందుబాటులో ఉంటే చాలు.

మూత్రంలోని గ్లూక్యురోనైడ్‌ను నిర్ధారించడానికి ఏ ఎంజైము వాడారో రాయలేదు. నత్త నుంచి తీసిన ఎంజైములో గ్లూక్యురోనిడేజ్‌తో పాటు సల్ఫటేజ్ కూడా ఉంటుంది, కాబట్టి దానితో శిఖరం మాయమైతే గ్లూక్యురోనైడా సల్ఫేటా అన్నది తేలదు. ఈ.కోలై నుంచి తీసిన దానితో వేరుగా ఒకసారి, శాకరోలాక్టోన్ కలిపి ఎంజైమును ఆపి మరొకసారి నడిపితే సందేహం ఉండదు. మా మార్గదర్శకుడు ఎంజైమును ఆపిన ఈ గొట్టం లేని ఫలితాన్ని చేతిలోకి కూడా తీసుకోరు, నాకు ఆ పట్టుదల నచ్చుతుంది.

జవాబు 3: జంతుశాల పశువైద్యురాలు, యలహంక

రసాయనం గురించి పెద్దలు చెప్పారు. నేను కేజ్ దగ్గర నిలబడి మాట్లాడతాను, ఎందుకంటే చాలా తికమకలు అక్కడే పుడతాయి.

మెటబాలిజం కేజ్‌లో మూత్రం గాజుకుండ గోడ వెంట ఒక వైపుకు, మలం మరో వైపుకు జారేలా గరాటు ఉంటుంది. కాగితం మీద ఇది చక్కగా పనిచేస్తుంది. నిజానికి ఎలుక గ్రిడ్డు మీద ఒక మూల కూర్చుని రెండూ అక్కడే వదులుతుంది. మలపు గుళికలు మూత్రంలో తడిసి, పైపొర మెరుస్తూ కిందికి జారతాయి. అప్పుడు మూత్రంలోని గ్లూక్యురోనైడ్ మలంలోకి చేరి, మలంలోని బాక్టీరియా దాన్ని గది ఉష్ణోగ్రతలోనే విడగొట్టి మూల పదార్థంగా మార్చేస్తుంది. బెంగళూరులో మార్చి, ఏప్రిల్ నెలల్లో పవర్ పోయి జనరేటర్ అందుకునే లోపు సేకరణ డబ్బాలు వెచ్చబడితే ఈ పని ఇంకా వేగంగా జరుగుతుంది. మీ సేకరణ డబ్బాలు డ్రై ఐస్ మీద ఉన్నాయా, ఎన్ని గంటలకోసారి తీస్తున్నారు అన్నది చూడండి. ఇరవైనాలుగు గంటలకు ఒకేసారి తీసిన మలంలో మూల పదార్థం కనిపించిందంటే, అందులో కొంత జంతువు లోపల కాక డబ్బాలోనే తయారై ఉండవచ్చు.

ఎలుకలు తమ మలాన్ని తాము తింటాయన్నది కూడా మరచిపోకూడదు. జాలీ నేల దాన్ని తగ్గిస్తుంది గానీ పూర్తిగా ఆపలేదు, అవి కిందికి పడకముందే నోటితో అందుకుంటాయి. అలా తిన్న మందు రెండోసారి మోతాదు ఇచ్చినట్టే.

కేజ్‌కు రాకముందు ఎలుక ఎలాంటి పరుపు మీద పెరిగింది అన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది. ఎర్ర సెడార్ వంటి మెత్తని కర్రల తురుము మీద పెరిగిన ఎలుకల్లో కాలేయపు ఎంజైములు ప్రేరేపితమవుతాయని, అంటే ఎక్కువగా తయారవుతాయని 1967లోనే చూపించారు. డీడీటీ కూడా అలాంటి ప్రేరేపకమే. మా దగ్గర మొక్కజొన్న కంకుల పొడి వాడతాము. సరఫరాదారు మారిన ప్రతిసారీ రిజిస్టరులో రాసుకుంటాము, ఎందుకంటే ఆరు నెలల క్రితం ఎలుకలకూ ఇప్పటి ఎలుకలకూ తేడా వస్తే ముందు అక్కడే వెతకాలి.

ఆడ, మగ తేడా ఇంకొకటి. ఎలుక కాలేయంలో కొన్ని సైటోక్రోమ్ పీ-450 ఎంజైములు మగవాటిలోనే ఎక్కువ. పరాథియాన్ అనే పురుగుమందు ఆడ ఎలుకలకు మగవాటికంటే ఎక్కువ విషమని ఏనాడో తేలింది. మనుషుల్లో ఆ స్థాయి తేడా సాధారణంగా కనిపించదు. మీరు చేసినవి ఒకే లింగం ఎలుకలైతే, అది ఏ లింగమో నివేదిక మొదటి పేజీలోనే కనిపించేలా రాయండి.

పైత్యనాళం శస్త్రచికిత్స విషయంలో ఒక మనవి. దానికి జంతు నైతిక కమిటీ అనుమతి కొత్తగా తీసుకోవాలి, పాత ప్రోటోకాల్‌కు చిన్న సవరణ అని దాటవేయకండి. చేయి తిరిగిన వారితోనే చేయించండి. గొట్టం మడతపడి పైత్యం ఆగిపోయిన ఎలుక బాధపడుతుంది, పైగా దాని నుంచి వచ్చిన లెక్క కూడా పనికిరాదు. ముందుగా ఇప్పటికే దాచిన నమూనాలతో తేలేదెంతో తేల్చుకుని, అవసరమైనన్ని జంతువులనే అడగండి.

ప్రశ్నకర్త

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. ఫ్రీజరులో దాచిన నమూనాలు ఉన్నాయి. సేకరణ మొదటి రోజు ఆరు, పన్నెండు, ఇరవైనాలుగు గంటలకు చేశాము, రెండో రోజు నుంచి మాత్రం రోజుకొకసారే. పశువైద్యురాలు గారు చెప్పినట్టు, మూల పదార్థం ఎక్కువగా కనిపించింది సరిగ్గా ఆ రోజుకొకసారి తీసిన నమూనాలోనే అని ఇప్పుడు గమనించాను. ప్లాస్మా గ్రాఫు కూడా మళ్ళీ తెరిచాను. ఎనిమిదో గంటకూ పన్నెండో గంటకూ మధ్య కొంచెం పైకి లేచినట్టుంది, ముందు మేము దాన్ని ఎలుకకూ ఎలుకకూ మధ్య తేడా అనుకున్నాము. ఎంజైము విషయంలో మేము నత్తదే వాడాము, ఈ.కోలైది ఇవాళే తెప్పించమని రాశాను.

మా నాన్నగారి ప్రశ్నకు కూడా ఎవరైనా దారి చూపించగలరా?

జవాబు 4: విశ్రాంత టాక్సికాలజిస్టు, జయనగర్

మీ నాన్నగారు అడిగిన ప్రశ్న మీ నివేదిక అడిగే ప్రశ్న కంటే కష్టమైనది. ఎలుక నుంచి మనిషికి మనం తీసుకువెళ్ళగలిగేది రోజుల సంఖ్యను కాదమ్మా, దారిని. ఏ బంధం తెగుతోంది, ఏ ఎంజైము తెంచుతోంది, ఆ ఎంజైము మనిషిలో ఎక్కడ, ఎంత ఉంది అని అడుగుతూ పోవాలి.

మలాథియాన్‌ను తీసుకోండి. ఇదొక ఆర్గనోఫాస్ఫేటు పురుగుమందు, ఇచ్చిన రూపంలో దాని విషం స్వల్పం. కాలేయంలో సైటోక్రోమ్ పీ-450 దానిలోని గంధకాన్ని తీసి ఆక్సిజన్ పెట్టినప్పుడు మలాఆక్సన్ అవుతుంది, నాడుల దగ్గర సంకేతాన్ని ఆర్పే ఎంజైమైన ఎసిటైల్‌కొలినెస్టరేజ్‌ను పట్టుకునేది అది. అదే సమయంలో కార్బాక్సిల్‌ఎస్టరేజ్‌లు ఎస్టర్ బంధాలను తెంచి, ఏ హానీ లేని ఆమ్లాలుగా మూత్రంలోకి పంపేస్తుంటాయి. క్షీరదాల్లో ఈ రెండో దారి చాలా వేగంగా ఉంటుంది, మామూలు కీటకాల్లో బలహీనం. పురుగు చచ్చి మనిషి బతకడానికి ప్రధాన కారణం ఈ తేడా. ఎలుకకు కార్బాక్సిల్‌ఎస్టరేజ్ రక్తపు ప్లాస్మాలో కూడా పుష్కలంగా ఉంటుంది. మనిషి ప్లాస్మాలో అది లేదు, మనకు ఉన్నది ప్రధానంగా కాలేయంలో. కాబట్టి ఎస్టర్ ఉన్న ఏ మందునైనా ఎలుక వదిలించుకునే వేగాన్ని మనకు అంటగట్టే ముందు ఆగి ఆలోచించాలి.

ఆ దారి మూసుకుపోతే ఏమవుతుందో 1976లో పాకిస్తాన్‌లో చూశారు. మలేరియా నివారణకు మలాథియాన్ చల్లిన సుమారు 7500 మంది పనివారిలో సుమారు 2800 మంది విషప్రభావానికి గురయ్యారు, అయిదుగురు మరణించారు. కొన్ని తయారీల్లో ఏర్పడిన ఐసోమలాథియాన్ అనే మలినం కార్బాక్సిల్‌ఎస్టరేజ్‌ను అడ్డుకుంది. మందు అదే, చల్లిన తీరూ ఎప్పటిదే. స్వచ్ఛమైన మలాథియాన్‌తో ఎలుకల మీద తేలిన భద్రత ఆ డబ్బాలకు వర్తించలేదు. ఎండలో, గోదాములో నెలల తరబడి ఉన్న డబ్బా గురించి నాకు ఇప్పటికీ ఉన్న ఆందోళన అదే.

జంతువుకూ జంతువుకూ మధ్య కూడా ఇలాంటి ఖాళీలు ఉన్నాయి. పిల్లి గ్లూక్యురోనైడ్లను సరిగా తయారుచేయలేదు, కుక్కకు ఇచ్చే పెర్మెత్రిన్ మందు పిల్లి మీద పోస్తే ప్రాణం మీదికి రావడం వెనుక ఈ లోపం కూడా ఉంది. కుక్కలో ఎసిటైల్ సమూహాన్ని చేర్చే ఎంజైము లేదు. అందుకే ఐరోపా నిబంధనలు ఇప్పుడు పరీక్ష జంతువుల కాలేయ కణాలనో, ఆ కణాల ఎంజైములున్న మైక్రోసోమ్‌లనో మనిషివాటి పక్కన పెట్టి పోల్చిన ఫలితాలను కూడా అడుగుతున్నాయి. మీ సంస్థలో ఆ పని చేసే విభాగం ఉంటే మీ పదార్థానికి ఆ పట్టికను ఒకసారి అడిగి చూడండి.

ఇక మీ నాన్నగారి విషయంలో పెద్ద తేడా ప్రవేశించే చోటే. మీరు ఎలుకకు కడుపులోకి ఇచ్చారు. కడుపులోంచి పోయే మందు ముందు కాలేయాన్ని దాటాలి, అక్కడే చాలా భాగం మారిపోతుంది. చర్మం గుండా వెళ్ళేది ఆ తొలి మజిలీ లేకుండా నేరుగా రక్తంలో కలుస్తుంది. కానీ చర్మం గుండా వెళ్ళే భాగం సాధారణంగా తక్కువ. 1984లో ప్రచురితమైన, స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన మనుషుల మీద చేసిన ఒక క్లోర్‌పైరిఫాస్ అధ్యయనంలో, నోటి ద్వారా ఇచ్చినదాంట్లో నూటికి 70 వంతులు లోపలికి వెళ్ళగా, చర్మం మీద రాసినదాంట్లో నూటికి మూడు వంతుల కంటే తక్కువే వెళ్ళింది. లోపలికి వెళ్ళినది ట్రైక్లోరోపిరిడినాల్‌గా మారి మూత్రంలో పోతుంది, దాని అర్ధాయువు రెండు దారుల్లోనూ సుమారు 27 గంటలే. ఈ మందు వరకూ చూస్తే, "చాలావరకు కొన్ని రోజుల్లో పోతుంది" అన్న మీ మాట మనిషికీ నిలబడుతుంది.

అయితే చర్మపు పైపొర, చొక్కా, గోళ్ళ కింది మట్టి ఇవన్నీ నిలవ గదుల వంటివి. సాయంత్రం పంపు దించేసినా, అక్కడున్న మందు రాత్రంతా మెల్లగా లోపలికి పోతూనే ఉంటుంది. అంటే ఆయన గడియారం మందు కొట్టడం ఆపినప్పుడు కాదు, ఒళ్ళు కడుక్కుని బట్టలు మార్చినప్పుడు మొదలవుతుంది. మిరపకు వారానికోసారో రెండుసార్లో కొట్టే సీజనులో, మొదటిది పూర్తిగా పోకముందే రెండోది చేరుతుంది. ఎలుకకు మీరు ఇచ్చింది ఒక్క మోతాదు, ఆయనకు చేరేది వరుస మోతాదులు. పైగా ఆర్గనోఫాస్ఫేటు శరీరాన్ని విడిచి వెళ్ళినా, అది కట్టేసిన ఎంజైము తిరిగి కోలుకోవడానికి వారాలు పట్టవచ్చు. మందు పోవడమూ, దాని ప్రభావం పోవడమూ ఒకేసారి జరగవు. ఇది ఆయనకు తప్పకుండా చెప్పండి.

అన్ని మందులకూ ఇదే మాట చెప్పలేము. డీడీటీలో కొంత డీడీఏగా మారి మూత్రంలో పోతుంది, డీడీఈగా మారిన భాగం మాత్రం కొవ్వులో ఏళ్ళ తరబడి ఉంటుంది. అందువల్ల ఆయన ఏయే డబ్బాలు వాడుతున్నారో పేర్లు తెప్పించుకుని, ఒక్కో పేరుకు ఒక్కో జవాబు వెతకడమే సరైన పద్ధతి.

ఎవరైనా మూత్రపరీక్ష చేయించమని సలహా ఇస్తే ఒక జాగ్రత్త. మూత్రంలో ఆర్గనోఫాస్ఫేటుల నుంచి మిగిలే డయాల్కైల్ ఫాస్ఫేట్లు గానీ, ట్రైక్లోరోపిరిడినాల్ గానీ కనిపిస్తే అదంతా మందుగా ఒంట్లోకి వెళ్ళి మారినదే అనుకోవద్దు. కూరగాయల మీదే విడిపోయి, విడిపోయిన రూపంలోనే తిండితో వచ్చినది కూడా అందులో కలిసి ఉంటుంది. ఆర్గనోఫాస్ఫేటులు కొట్టేవారికి సీజను మొదలవకముందు ఒకసారి, మధ్యలో ఒకసారి రక్తంలో కొలినెస్టరేజ్ చూపించుకోవడం అంతకంటే ఉపయోగం. ఒక్కో మనిషికి మామూలు స్థాయే వేరుగా ఉంటుంది కాబట్టి, ముందు తీసిన కొలత లేకపోతే తరువాతి కొలతకు అర్థం చెప్పడం కష్టం.

ప్రశ్నకర్త

మీ జవాబు అచ్చు తీసుకుని నిన్న రాత్రి ఫోనులో నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన మూడు డబ్బాల పేర్లు చెప్పారు. ఒకటి ఆర్గనోఫాస్ఫేటు, ఒకటి పైరెత్రాయిడ్, మూడోది ఇమిడాక్లోప్రిడ్. వచ్చే సీజనుకు ముందు గుంటూరులో కొలినెస్టరేజ్ పరీక్ష చేయించుకోవడానికి ఒప్పుకున్నారు. మందు కొట్టిన చొక్కా మీదే భోజనానికి కూర్చునే అలవాటు గురించి మా అమ్మ పక్కనుంచి చాలా మాట్లాడింది.

ల్యాబ్ విషయానికి వస్తే, మా అధికారికి పైత్యనాళం ప్రయోగం గురించి రాతపూర్వకంగా పెట్టాను. నివేదికలో శోషణ వాక్యాన్ని ప్రస్తుతానికి ఖాళీగా ఉంచడానికి ఆయన ఒప్పుకున్నారు. ఈలోగా రెండో రోజు మలాన్ని కైరల్ కాలమ్ మీద నడుపుతున్నాము. మా పదార్థంలో నిజంగానే రెండు ఎనాన్షియోమర్లు (అద్దంలో ప్రతిబింబాల్లాంటి ఐసోమర్లు) సమానంగా ఉన్నాయి. మలంలో మాత్రం ఒకటి రెండోదానికంటే స్పష్టంగా తక్కువగా ఉంది.